ఎడమచేతి యుద్ధం

కుమ్హారి ఊరి దగ్గర రోడ్డు మీద జ్యోత్స్న కుడి మణికట్టు విరిగింది. రాయ్‌పూర్‌లో అచ్చుకు కాగితం ఎంచుకుని స్కూటీ మీద ఇంటికి వస్తుంటే ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. పక్కకు తిప్పబోయి కంకర మీద పడింది. కట్టు కట్టిన డాక్టరు, విప్పేదాకా ఆ చేత్తో పెన్సిల్ పట్టవద్దన్నాడు.

కొన్నేళ్లుగా ఆమె ‘మబ్బుకోట’ అనే బొమ్మల కథను తనే రాసి, తనే గీసి, తనే అచ్చు వేయిస్తోంది. అదొక పాతకాలపు రాజ్యం. కోటగుమ్మం కాపలాదారు కూతురు మంజరి, ఆ పిల్ల పెంచిన రెక్కల పాము. చిన్నపిల్లల నుంచి తాతల దాకా ఎవరి ముందైనా తెరిచి పెట్టగలిగేలా ఉండాలని జ్యోత్స్న పట్టుదల. తెలుగు చదవలేని ఈ ఉక్కు టౌన్‌షిప్ పిల్లల కోసం హిందీలోనూ వేసింది. రెండో భాగం పొరుగురాజు సైన్యం కోటను చుట్టుముట్టడంతో ఆగింది. ఆఖరి భాగం దసరాకు తెస్తానని తెలుగువాళ్ల సంఘం హాల్లో అందరి ముందూ మాటిచ్చింది.

“చెయ్యి బాగయ్యేక గీసుకోవే. ఎవరేటంటారు?” అంది తల్లి కనకలత, అన్నం ముద్దలు నోటికి అందిస్తూ.

“పిల్లలు ఎదురుచూస్తున్నారమ్మా. వచ్చే ఏటికి పెద్దోళ్లయిపోతారు. మంజరి ఎవరంటే గుర్తుండదు.”

సెక్టర్ 4లో డీటీపీ షాపు నడిపే కౌండిన్య ఆమె పుస్తకాలకు అక్షరాలు కూరుస్తాడు. చూడటానికి వచ్చి ఒక ఉపాయం చెప్పాడు.

“దీదీ, నీ పాత బొమ్మలు కంప్యూటర్‌కి చూపిస్తే మిగతావి అదే గీసేస్తాది. ఎవరికీ తెల్దు.”

“నాకు తెలుస్తాది కదరా,” అంది జ్యోత్స్న.

ఆ మర్నాడే ఎడమచేతికి పెన్సిల్ ఇచ్చింది. గీత తను అనుకున్న చోటికి వెళ్లదు. వెళ్లినా వణుకుతుంది. ఎన్నాళ్లుగానో కలలుగన్న యుద్ధం, వేల గుర్రాలు, ఈటెలు, జెండాలు. తల్లి ఒక కాగితం ఎత్తి చూసి, “ఇదేటి, మేకా?” అంది. జ్యోత్స్న రబ్బరు అందుకుంది. గీయడం, చెరపడం, మళ్లీ గీయడం. వారం గడిచినా గుర్రం కాళ్లు కుదరలేదు.

ఒక మధ్యాహ్నం చెరిపి చెరిపి మసకబారిన కాగితాన్ని చింపబోయి ఆగింది. పెన్సిల్ పొడి అంతటా పరుచుకుని, సైన్యం అందులో కరిగిపోతున్నట్టుంది. అక్కడక్కడా ఒక ముఖం, ఒక చెయ్యి మాత్రం మిగిలాయి. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత యుద్ధం బొమ్మలన్నీ పక్కన పెట్టేసింది.

కథ మారింది. రెక్కల పాము పొగమంచు ఊదింది. సైనికులకు పక్కవాడు కనబడడు. ఎవరిని పొడవాలో తెలియదు. మంజరి దీపం పట్టుకుని ఒక్కతే వాళ్ల మధ్యకు వెళ్లి, ఒక్కొక్కణ్ణీ “మీ ఊరు ఏ దిక్కు?” అని అడుగుతుంది. చెప్పినవాణ్ణి చెయ్యి పట్టుకుని దారికి చేరుస్తుంది. వణికే గీతలు మంచులో చలికి వణికే మనుషులకు సరిపోయాయి. అచ్చుకు ఇచ్చే రోజు వరకూ పొద్దున్నే కూర్చుని, చెయ్యి లాగేసేదాకా గీసింది.

పుస్తకం దసరాకే వచ్చింది. కట్టు విప్పారుగానీ కుడిచేతి వేళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. సంఘం హాల్లో కొందరు కుర్రాళ్లు పేజీలు గబగబా తిప్పి, “లడాయీ ఏదీ?” అని పెదవి విరిచి వెళ్లారు. జ్యోత్స్నకు కష్టంగానే అనిపించింది. అయినా పుస్తకాలు పెట్టిన బల్ల దగ్గర నుంచి లేవలేదు.

సెక్టర్ 7 నుంచి వచ్చిన రజని అనే చిన్నపిల్ల మాత్రం నేలమీద చతికిలబడి చివరిదాకా చదివింది. మంచు ఉన్న పేజీకి మళ్లీ వెళ్లి, ఒక ముసలి సైనికుడి మీద వేలు పెట్టింది.

“దీదీ, ఈయన ఇంటికెళ్లాడా?”

“వెళ్లాడు.”

“మరి బొమ్మలో లేదే.”

జ్యోత్స్న ఆ పుస్తకం తీసుకుని, చివరి అట్ట లోపలి ఖాళీలో, ఎడమచేత్తో నెమ్మదిగా ఒక ఇంటి గుమ్మం గీయడం మొదలుపెట్టింది.