ఏడో రీలు

నేను ఒక పూర్తి సినిమాను కాను. పన్నెండు రీళ్ల ఇంగ్లీషు సినిమాలో ఏడోదాన్ని. విక్టోరియా రాణి కాలంలో ఎవరో రాసిన లావుపాటి నవలను లండన్‌లో సినిమాగా తీశారు. దాని కాపీగా పుట్టి, ఓడెక్కి మద్రాసు వచ్చి, అక్కణ్నుంచి రేకు డబ్బాలో అనకాపల్లి చేరాను. నా పది నిమిషాలకు ముందు ఏం జరిగిందో, తరవాత ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. మనుషులేమో నన్ను పట్టుకుని "కథేమిటి?" అంటారు. నేనెవర్ని అడగను?

నా దగ్గరున్నది ఇంతే. ఒక అనాథ పిల్ల, చూపులేని ఆమె చెల్లెలు, వాళ్లు పనిచేసే పెద్ద ఇల్లు. దొరసాని ఆ పిల్లను గదిలోకి పిలుస్తుంది. నువ్వు ఈ ఇల్లు విడిచి పోతే నీ చెల్లెలి కళ్లకు వైద్యం చేయిస్తాను, ఎందుకు పోయావో మాత్రం ఎవరికీ చెప్పకూడదు అంటుంది. పిల్ల తలూపుతుంది. నిద్రపోతున్న చెల్లెలి నుదురు తాకి, మంచులో వెళ్లిపోతుంది. అంతటితో నేను అయిపోతాను.

అనకాపల్లిలో మార్నింగ్ షో వేశారు. మ్యాట్నీ వేళకు హాలు ఖాళీ చెయ్యాలి, సినిమా చూస్తే పొడుగు. ఆపరేటర్ సన్యాసినాయుడు బుర్ర గోక్కుని నన్ను తప్పించాడు.

"పాట నేదు, ఫైటింగు నేదు. ఇద్దరాడోళ్లు మాటాడుకుంతారు, అంతే. తీసేస్తే ఎవుడికి తెలుస్తాది?" అని నన్ను బల్ల కింద పెట్టాడు.

అతని గది కిటికీ కిందే ఆడవాళ్ల గేటు. ఆట వదిలాక మాటలు పైకి వినిపించేవి.

"కళ్లు నేని సెల్లిని ఒగ్గీసి ఎలిపోనాది. దాని మొకం మండ!"

రోజూ ఇదే పాట. నాకు మతి పోయేది. ఎవర్ని తిడుతున్నారు? నా పిల్లనేనా? లేక ఎనిమిదో రీల్లోకి వెళ్లాక చెడిపోయిందా? కోపం వచ్చేది, ఏడుపు వచ్చేది, అనుమానమూ వచ్చేది.

గేటు దగ్గర టికెట్లు చింపే పైడమ్మ మాత్రం తిట్టేది కాదు. పెళ్లయిన రెండేళ్లకే అత్తవారింటి నుంచి వచ్చేసిన మనిషి. ఎందుకొచ్చిందో తెలియకుండానే ఊరు ఆమెనూ అలాగే అనేదట. ఆఖరి రోజు, ఆట మొదలవకముందే ఆమె మెట్లెక్కి వచ్చింది.

"నాయుడు బావూ, ఆ పిల్ల ఊరికినే ఎల్లదు. మద్దెలో ఏదో ఉంటాది. ఆ డబ్బాలో ఏటున్నాది?"

"ఏటీ నేదు పైడమ్మా. ఏడుపు."

"ఆ ఏడుపే ఒకపాలి సూపించు."

నాయుడు గొణుగుతూనే నన్ను మిషన్‌కెక్కించాడు. పైడమ్మ అతని పక్కనే నిలబడి గోడకున్న కంతలోంచి చూసింది. ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు. కాని తెర మీద దొరసాని తన కళ్లు తాకి పిల్ల చెల్లెలు పడుకున్న గది వైపు చూపించింది, తలుపు చూపించింది, తన పెదవుల మీద వేలు పెట్టింది. ఇక భాషతో పనేముంది?

నేను ఆగాక కూడా పైడమ్మ కంత దగ్గర్నుంచి కదల్లేదు.

"నానూ సెప్పనేదు," అంది మెల్లగా. చెంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగిపోయింది.

ఆ రోజు ఆటలో కూడా నన్ను వెయ్యలేదు. మిగతా పదకొండు రీళ్లూ మద్రాసు తిరిగి వెళ్లాయి, నేను బల్ల కిందే మిగిలిపోయాను. ఇప్పుడు ఒక మ్యూజియంలో చల్లటి గదిలో ఉన్నాను. మిగతావి పాత ఫిల్ము కరిగించి గాజులు చేసేవాళ్లకు తూకానికి పోయి ఉంటాయని ఇక్కడి వాళ్లు అంటున్నారు. నా డబ్బా మీద "కథ తెలియదు" అని చీటీ అంటించారు.

ఆ ఇంగ్లీషు పిల్ల ఏమైందన్న బెంగ తగ్గింది. పైడమ్మే అర్థం కాదు. ఆమె చెప్పనిదేమిటి? ఎవరి కోసం నోరు కట్టేసుకుంది? నాయుడైనా అడగవలసింది. పక్కనే ఉన్నాడు, అతనికి నోరుంది. ఆటకు వేళవుతోందని నన్ను చుట్టి, డబ్బాలో పెట్టి, మూత బిగించాడు.