బావ తూము

పిండిమర నడిపే మరవాడికి చెవులే కళ్లు. నీటిచక్రం చప్పుడు కాస్త మందగిస్తే చాలు, గాఢనిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాడు. ఈ వేసవిలో ఆ చక్రం ముసలి ఎద్దులా కాళ్లీడుస్తోంది. లోయలోని వాళ్లు తెచ్చి పడేసిన గింజల బస్తాలు విప్పకుండా అలాగే ఉన్నాయి. అతనికి వేరే ఆలోచనే రాలేదు. ఇది బావ పనే.

బావంటే పరాయివాడేం కాదు, సొంత అక్క మొగుడు. ఎగువన పండ్లతోట వేసుకున్నాడు. ఏట్లోంచి చీలిన కాలువ ముందు ఆ తోట పక్కనుంచి పారి, తర్వాతే మర దగ్గరికి వస్తుంది. తోటలోకి నీళ్లు మళ్లించే తూము బావ చేతిలో ఉంది. దాని తలుపు ఎత్తితే ఇక్కడ చక్రం నీరసపడుతుంది. చక్రం ఆగిందంటే జనం పిండి కోసం కొండ దిగిపోతారు. ఒకసారి దిగినవాళ్లు మళ్లీ ఇటు మొహం చూపించరు. అప్పుడు మరవాడి పొయ్యిలో పిల్లి లేవదు.

అనుమానం రావాలే గానీ, సాక్ష్యాలకేం కరువు? బావ నవ్వుతూ పలకరిస్తే, లోపల ఏదో పెట్టుకునే నవ్వుతున్నాడనుకున్నాడు. పలకరించకపోతే మొహం చెల్లక తప్పుకుంటున్నాడనుకున్నాడు. అక్క బుట్టెడు పండ్లు పంపితే ఒకటి కొరికి, "ఇంత రసం ఊరికే వస్తుందా?" అని భార్య మీద విరుచుకుపడ్డాడు.

"పండు తియ్యగా ఉన్నా తప్పేనా? వెళ్లి ఆయన్నే అడగరాదూ?" అంది ఆవిడ.

"అడిగితే చెప్తాడేంటి? నువ్వు మరీను!"

బావను తప్ప లోయలో అందరినీ అడిగాడు. ఈ కడుపుమంట ఈనాటిది కాదు. నిరుడు చలికాలంలో పట్నం నుంచి పైపుల కంపెనీ ఆయన వచ్చి, ఏటి నీళ్లు మీకు సరిపోతున్నాయా అని అడిగితే, టీ ఇచ్చి మరీ చెప్పాడు: "మా బావ సగం ఏరు వృథా చేస్తాడండీ. ఆ సగం ఎవరు పట్టుకెళ్లినా మాకేం లోటుండదు."

చివరికి ఒక మధ్యాహ్నం, బావను తూము దగ్గరే పట్టుకుందామని ఏటి వెంట పైకి నడిచాడు. మునిగి ఉండాల్సిన బండలు ఎండకు తెల్లబడ్డాయి. గట్టు కింద కాపురముండే నీటికుక్కల జాడ లేదు. ఒక మడుగులో మిగిలిన చేపలు నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి. బట్టలుతికే ఆడవాళ్లు రేవు వదిలేసి, ఏటి మధ్యలో సన్నటి పాయ కోసం వంగి ఉన్నారు. మరవాడికి ప్రాణం ఉసూరుమంది. "చేపల్ని కూడా చంపాడు దుర్మార్గుడు" అని ఆ నేరం కూడా బావ ఖాతాలోనే వేశాడు.

తోట కంచె చాటున నక్కి తొంగిచూశాడు. ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. చెట్ల పాదుల్లో నేల పగుళ్లిచ్చింది. తూము తలుపు కిందికి దించి ఉంది, సందుల్లో గుడ్డపేలికలు కుక్కి బంకమన్ను మెత్తారు. అక్కా బావా నూతిలోంచి తోడిన నీళ్లు బిందెలతో మోసి లేత చెట్లకు పోస్తున్నారు.

"ఏం బావమరిదీ, కంచె చాటున ఏం వెతుకుతున్నావ్? లోపలికి రా" అన్నాడు బావ.

"తూము... మూసేశావా?"

"వేసవి మొదట్లోనే మూసేశా. చెట్టు ఒక ఏడాది కాయకపోయినా బతుకుతుంది. నీ చక్రం ఆగితే నువ్వేం తింటావు?"

"మరి ఆ పండ్లు?"

"నూతి పక్క చెట్టువి రా. అదొక్కటే కాసింది" అంది అక్క. "రోజూ నీ చక్రం చప్పుడు వినిపిస్తే గానీ నాకు ముద్ద దిగడం లేదు."

బావ బిందె కింద పెట్టాడు. "పైన కనుమలో ఏటికే పైపులేశారు. ఇక్కడ సగం నీళ్లు వృథాగా పోతున్నాయని ఎవరో చెప్పారట. నీ దగ్గరికెవరైనా వచ్చారా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది మరవాడికి. "రాలేదు బావా" అన్నాడు.

"నువ్వు రాలేదంటే రాలేదు. రేపు పొద్దున్నే ఇద్దరం ఆ పైపులవాళ్ల ఆఫీసుకెళ్దాం. ఆ మాటన్నవాడెవడో మన ఎదురుగా చెప్పమందాం. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం."

సిగ్గుతో మరవాడి ఒళ్లు కాలిపోయింది. బావ ఒక్కసారి, ఒకే ఒక్కసారి తనవైపు అనుమానంగా చూస్తే బాగుండుననిపించింది. బావ చూడలేదు. బిందె ఎత్తుకుని పక్క చెట్టు దగ్గరికి నడిచాడు.