షెడ్డులో మాత్రం ఆగని ఇంజిన్

ఆ పూట వ్యాను మూడోసారి ఆగిపోయింది, కూడలి మధ్యలో, సరిగ్గా పచ్చలైటు పడ్డాక. వెనక బస్సువాడు హారన్ మీంచి చెయ్యి తీయలేదు. స్కూటరు మీద ఒకాయన కిటికీలోంచి తొంగిచూసి, "రానప్పుడు ఎందుకమ్మా నడపడం?" అని సలహా పారేసి పోయాడు. పన్నెండేళ్లుగా ఆస్పత్రి దుప్పట్లను లాండ్రీకీ, లాండ్రీ నుంచి ఆస్పత్రికీ చేరవేస్తున్న మనిషి ఆమె. ఒళ్లు మండిపోయింది. తాళం తిప్పి, లాండ్రీకి వెళ్లాల్సిన బండిని నేరుగా మరిది మెకానిక్ షెడ్డుకు మళ్లించింది.

పాత ఇంజిన్ పోయాక, మరిదే ఓ తుక్కు కారులోంచి పెద్ద ఇంజిన్ తెచ్చి ఆ వ్యానులో బిగించాడు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మార్చాడు, ఇంజిన్ కంప్యూటర్లో పెట్రోలు లెక్కలన్నీ తనే రాశాడు. పనిమంతుడే, కాదనలేం. లాగుడు బ్రహ్మాండం. కుదరనిదల్లా ఐడ్లింగ్ ఒక్కటే. యాక్సిలరేటర్ వదిలేస్తే నిలకడగా తిరగాల్సిన ఇంజిన్, రోడ్డు మీద ఆపినచోటల్లా గిలగిల కొట్టుకుని ఆగిపోయేది. షెడ్డుకు తెస్తే ఏమీ ఎరగనట్టు తిరిగేది.

మూడు వారాల్లో ఐదుసార్లు తెచ్చింది. ఐదుసార్లూ అతను ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజిన్ వేగం చూపే ముల్లు వైపు వేలు చూపి ఒకే మాట అన్నాడు: "చూడు వదినా, ముల్లు తొమ్మిది వందల దగ్గర కదలట్లేదు. తేడా ఇంజిన్‌లో లేదు, నీ కాల్లో ఉంది." బ్రేకు గట్టిగా ఉంటోందన్నా అదే జవాబు. పైగా అన్నకు ఫోన్ చేసి వదినకు క్లచ్ తొక్కడం రావట్లేదన్నాడు. ఆయనగారు అన్నం తింటూ, "కాస్త నెమ్మదిగా నడపరాదూ?" అన్నాడు.

వ్యాను షెడ్డులోకి రాగానే మరిది నడుం మీద చేతులేసుకున్నాడు. "మళ్లీనా? ఈసారి ఇంజిన్ కాదు, డ్రైవర్ని మార్చాలి!"

షెడ్డులో ఉన్న పెయింటు పనివాళ్లిద్దరూ పళ్లికిలించారు.

"నోర్ముయ్. ఎక్కు," అంది ఆమె. "నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా. నా కాలు దేనికీ తగలదు."

"చేతులకి గ్రీజుంది వదినా."

"వెనక మురికి దుప్పట్లు బోలెడున్నాయి, తుడుచుకో."

అతను ఎక్కి బయల్దేరాడు. వీధి మలుపులో తోపుడుబండి అడ్డొచ్చింది. అతను బ్రేకు తొక్కాడు. ముల్లు పడిపోయింది, వ్యాను వణికి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాడు. రెండో మలుపులోనూ అంతే.

"ఇప్పుడు ఎవరి కాలు?"

అతను మళ్లీ తాళం తిప్పాడు.

"షెడ్డులో చూసినప్పుడు ఒక్కసారైనా బ్రేకు తొక్కావా?"

"నిలబడిన బండికి బ్రేకెందుకని..." మాట సగంలోనే ఆగిపోయింది. వ్యానును పక్కకు తీసి, ఇంజిన్ తిరుగుతుండగా పెడల్ మీద కాలు పెట్టాడు. కింద ఎక్కడో సుయ్‌మని గాలి చప్పుడు. ముల్లు పడింది. కాలు తీశాడు, కోలుకుంది. మూడుసార్లు చూశాడు.

"బూస్టర్ వదినా," అన్నాడు నీరసంగా. "పెడల్ వెనక గుండ్రటి డబ్బా, బ్రేకు తేలిగ్గా పడేలా చేసేది. అందులో రబ్బరు చిరిగింది. తొక్కినప్పుడల్లా బయటి గాలి ఇంజిన్లోకి పోతోంది. ఆ గాలి సంగతి కంప్యూటర్‌కి తెలీదు కాబట్టి పెట్రోలు చాలక ఆగిపోతోంది. పాత డబ్బా పనిచేస్తోంది కదా అని మార్చలేదు."

కారణం తెలిసింది కదా అని ఆమె కోపం చల్లారలేదు సరికదా, నెత్తికెక్కింది. "అంటే చిరిగిన బ్రేకుతో నన్ను తిప్పావు! రైలుపట్టాల మీద ఆగిపోయానని చెబితే నవ్వావు! నీ లెక్కలు తప్పని ఒప్పుకోలేక నా కాళ్లు తప్పన్నావు!"

మధ్యాహ్నానికి కొత్త బూస్టర్ పడింది. తప్పు కనపడకుండా ఇదివరకు వేగం పెంచి తను బిగించిన ఐడ్లింగ్ స్క్రూను అతను వెనక్కి తిప్పాడు, లెక్కలు మళ్లీ మొదట్నుంచి సరిచూశాడు. ఆమె సీట్లో కూర్చుని, ఇంజిన్‌కి బరువు పడాలని లైట్లు వేసి, ఫ్యాను వేసి, అతను చాలంటున్నా వినకుండా ముప్పైసార్లు బ్రేకు తొక్కింది. ముల్లు ఎనిమిది వందల యాభై నుంచి ఇటూ అటూ కదల్లేదు.

"తప్పయింది వదినా," అన్నాడు గొణుగుతూ.

"చెవిలో కాదు." ఆమె భర్తకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, పెయింటువాళ్లను కూడా దగ్గరికి పిలిచింది. "ఇప్పుడు చెప్పు."

అతను తల వంచుకునే చెప్పాడు. బూస్టర్ సంగతి, చూడకుండానే అన్న మాటలు, అన్నీ.

అవతల్నుంచి భర్త, "సరేలే, బాగైందిగా, ఇంక గొడవెందుకు?" అన్నాడు.

"గొడవా? నీ సంగతి ఇంటికొచ్చి చెప్తా," అని ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం నుంచి లాండ్రీ వ్యాను ఏ కూడలిలోనూ ఆగిపోలేదు. ఆమె మాత్రం మరిదితో రెండు నెలలు మాట్లాడలేదు. మొగుడితో మాట్లాడింది కానీ, ఆ రాత్రి ఆమె మాట్లాడిన తీరుకు, అసలు మాట్లాడకపోతేనే బాగుండుననిపించింది ఆయనకు.