గూట్లో గుడ్లున్నంతకాలం

తెల్లారి లేవగానే స్వర్ణకుమారి ముఖమైనా కడుక్కోకుండా పెరట్లోకి నడిచేది. మందు కొడితే పిట్టలకి కీడని చిక్కుడాకుల మీద పురుగులు చేత్తోనే ఏరేది. మందారాలకి నీళ్ళు పోసి, నూరువరహాల కింద ఆకులు ఊడ్చి, ఆఖర్న బట్టల తీగకి వేలాడే తేనెపిట్ట గూట్లోకి తొంగిచూసేది. గుడ్లుంటే హమ్మయ్య అనుకుని, లోపలికొచ్చి మొగుడికి టీ పెట్టేది.

ఆ గూట్లో గుడ్లో పిల్లలో ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఎవరూ చావరు. చోడవరంలో వాళ్ళ వీధి వీధంతటికీ తెలిసిన సంగతే ఇది. ఇంజక్షన్ చెయ్యడానికొచ్చే ఆర్‌ఎంపీ ప్రేమ్‌కుమార్ కూడా ముందు గూడు చూసి, తర్వాతే నాడి చూసేవాడు. పక్కింటి నరసమ్మ గోడమీంచి కేకేసేది.

"ఉన్నాయేటి వదినా?"

"ఉన్నాయొదినా, రెండు."

ఆవిడ మొగుడు ఏసుదానం గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర చెరకు బళ్ళు తూచి తూచి రిటైరైన మనిషి. లివరుకి క్యాన్సరని, ఇంక ఇంటికి తీసుకుపొమ్మని విశాఖలో డాక్టర్లు చెప్పి ఏడాది దాటింది. స్వర్ణకుమారి ఊరుకుంటుందా! పిల్లలు ఎగిరిపోగానే పిట్ట మళ్ళీ గూడు కట్టాలంటే పెరట్లో తేనెకి కరువు రాకూడదు. ఎండల్లో మందారాలు, వానల్లో నూరువరహాలు, చలికాలం చిక్కుడు పూత, ఏడాది పొడుగునా అరటిపువ్వు. తీగకి దూదీ కొబ్బరి పీచూ చుట్టిపెట్టేది. పిట్ట గూడు అల్లుకోడానికి సాలెగూళ్ళు కావాలని ఇంట్లో బూజు దులపడమే మానేసింది. విశాఖ నించి కూతురు శాలోమి వచ్చినప్పుడల్లా "ఇదేం బూజే అమ్మా" అని విసుక్కునేది గానీ, చీపురు మాత్రం పట్టేది కాదు.

పెరడు కళకళలాడుతోంది. లోపల మనిషి ఎండిపోయేడు. పొట్ట కుండలా ఉబ్బింది, చేతులు పుల్లలైపోయేయి. నొప్పొస్తే ఆ అరుపులు వీధి చివరికి వినబడేవి. పాపం, పోవాల్సిన మనిషి పోలేక పడే యాతన అది.

"ఆ పువ్వులు కోసీయే స్వర్ణా," అన్నాడొకరోజు.

"నోర్ముయ్యండి. ఈ కొంపలో నేనొక్కదాన్నీ ఏటి సేసుకోను?"

"మరి నేనో?"

ఆవిడ విసురుగా వెళ్ళి అరటిచెట్టు మొదట్లో మట్టి ఎగదోసింది. ఆయన లేని ఇల్లు తలుచుకుంటే ఆవిడకి ఒళ్ళు చల్లబడిపోయేది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున్న పిల్లలు ఎగిరిపోయేయి. తల్లిపిట్ట అప్పుడే ముక్కున దూది కరుచుకుని కొత్తగూటికి తీగ చుట్టూ తిరుగుతోంది. స్వర్ణకుమారి ధైర్యంగా లోపలికొచ్చి, మొగుణ్ణి ఒత్తిగిలబెట్టి వీపు పుండు కడగబోయింది. పుండులో పురుగు కదిలింది. ఇందాక చిక్కుడాకు మీద పురుగుల్ని ఏరిన వేళ్ళతోనే దాన్నీ ఏరింది. ఇంకోటి కనబడింది.

"ఏటది?" అన్నాడు ఏసుదానం.

"ఏం లేదండి. దూది పోగు."

పుండు కడిగి, గుడ్డ కప్పి, కొడవలి పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. మందారాలు నరికింది. నూరువరహాలు నరికింది. అరటిపువ్వు కోసి, చిక్కుడు పాదు కాయలతో సహా పీకి పారేసింది. తీగ మీది దూదీ పీచూ లాగేసింది. పిట్ట ఆ బోసి కొమ్మల మధ్య కాసేపు తిరిగి తిరిగి, గోడ దాటి ఎటో పోయింది. స్వర్ణకుమారి మట్టిలో కూలబడి బావురుమంది.

లోపలికొస్తే ఏసుదానం కళ్ళు తెరిచి ఉన్నాడు.

"అన్నీ కోసీసేవా?"

"అన్నీ కోసీసేనండి."

"మంచిదానివే," అని ఆవిడ తల మీద చెయ్యేసేడు. "కాస్త టీ ఎట్టు."

టీ తెచ్చేసరికి ఆయన లేడు.

ఏడుపు విని నరసమ్మ పరిగెత్తుకొచ్చింది. నరికిన కొమ్మల్ని చూసింది, మంచం కేసి చూసింది. పక్కన కూచుని దగ్గరికి తీసుకుంది.

"నేనే పంపించీసేనొదినా," అంది స్వర్ణకుమారి.