క్లచ్ మీది చెక్కదిమ్మ

నోట్లో రెండు సూదులు పట్టుకుని, సీట్లమ్మ రెక్సిన్‌ను బల్ల మీద పరిచి ఒక్క లాగుడుకు కోసింది. డిపోలో బస్సు సీట్లు కుట్టీ కుట్టీ ఆమె జుట్టు తెల్లబడింది. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. మనిషి బాగా పొట్టి. బల్ల అందడానికి కాళ్ళ కింద ఇనపపెట్టె తిరగేసుకుంటుంది. ఆ పెట్టె మీద జోకులు వేసి వేసి డిపోవాళ్ళే అలిసిపోయారు.

ఇవాళ చేతులు బస్సు సీటు మీదున్నా, మనసు ఇంటి వెనక షెడ్డులో ఉంది. అక్కడున్నది రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు, టాపు లేని ఎర్రబండి. భర్తది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆమెను పక్క సీట్లోనే కూర్చోబెట్టాడు. డిపో జీపు మీద డ్రైవింగు నేర్చుకున్నానని చెప్పినా, "దీని సీటు ముందుకు జరగదు. నీ కాళ్ళు అందవే" అని నవ్వేసేవాడు. మంచివాడే. కానీ ఆ మాట తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆయన పోయాక బండి తుప్పు పట్టింది, ఇంజను బిగుసుకుపోయింది. పాతకార్ల పిచ్చివాళ్ళు శనివారం సాయంత్రాలు పెట్రోలు బంకు వెనక చేరతారని విని వెళ్ళింది. ప్లగ్గులు ఊడదీసి, నూనె పోసి నానబెట్టమన్నారు. తొందరపడి తిప్పొద్దన్నారు. వారం వారం ఒక సందేహం పట్టుకెళ్ళి ఒక సలహా తెచ్చుకుంది. కిందటి వారం బండి దగ్గి, తుమ్మి, చివరికి లేచి కూర్చుంది.

శనివారం కావడంతో డ్యూటీ దిగి ఆమె తిన్నగా బంకు వెనక్కి నడిచింది. సంచీలోంచి మూడు చెక్కదిమ్మలు తీసింది. పాత బస్సు సీటు చెక్కను కోసి, పైన టైరుముక్క అతికించినవి.

"వీటిని పెడళ్ళకి ఎలా బిగించాలి? నా కాళ్ళు అందట్లేదు."

ఆ గుంపుకు పెద్ద అయిన మీసాలాయన మొహం చిట్లించాడు. "ఇంత కష్టపడి బాగుచేసి, ఇప్పుడు పాడు చేస్తారామ్మా? పాతబండిని ఉన్నదున్నట్టు ఉంచాలి. మీ అమ్మాయి నడుపుతుంది, మీరు పక్కన దర్జాగా కూర్చోండి."

"పక్కన కూర్చునీ కూర్చునీ నా నడుం పడిపోయింది బాబూ. నేనూ పాతదాన్నే. నన్నెవరు ఉన్నదున్నట్టు ఉంచారు?"

అందరూ గొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు.

"సలహా ఉంటే చెప్పండి. లేదంటే నాకు తోచినట్టు కన్నాలు పెట్టి బిగించుకుంటా."

ఆ మాటకు వెనక నుంచున్న బక్కాయన ముందుకొచ్చాడు. "కన్నాలొద్దక్కా, పెడలు విరుగుతుంది. వెనక ఇనపపట్టీ పెట్టి బోల్టులు బిగించు. ముందు బ్రేకు తొక్కి చూసుకో."

చీకటి పడకముందే దిమ్మలు బిగిశాయి. కూతురు షెడ్డు గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"అమ్మా, నీకేమన్నా అయితే?"

"అయితే అయింది. గేటు తియ్యి."

వీధి మలుపులో బండి ఒకసారి ఆగిపోయింది. వెనక ఎవడో హారన్ కొట్టాడు. ఆమె తల తిప్పలేదు. మళ్ళీ స్టార్టు చేసి, వీధి చివరిదాకా పోయి, తిప్పుకుని వచ్చింది. ఇంజను ఆపి, ఖాళీగా ఉన్న పక్క సీటు వైపు చూసి, "అందాయి" అంది.

వానాకాలం దాకా ప్రతి శనివారం ఆ బండిలోనే బంకు వెనక్కి వెళ్ళింది. ఒక మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి, మరి లేవలేదు.

కొన్నాళ్ళకు మీసాలాయన బండి కొంటానని వచ్చాడు. వంగి పెడళ్ళు చూసి, "బోల్టులు విప్పితే చాలమ్మా, మచ్చ కూడా మిగలదు" అన్నాడు.

కూతురు వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుంది. ఆమెదీ తల్లి పొడుగే.

"విప్పనివ్వనండీ. బండీ ఇవ్వను."

కాలు పెట్టబోయి, ఒక్క క్షణం ఆగింది. క్లచ్ మీది దిమ్మకు అమ్మ చెప్పు మట్టి ఇంకా ఎండి అంటుకునే ఉంది.