డెబ్బై రెండు బెర్తుల్లో నూట నలభై ఒక్కరు

నేను ఒక స్లీపర్ బోగీని. కంగారుపడి పెట్టెలు సర్దుకోకండి, నా పొడవు జానెడు మీద రెండు వేళ్ళు. సికింద్రాబాదులో తార్నాక దగ్గర ఒక ఇంటి హాల్లో, గాజు బీరువాలో, పట్టాల ముక్క మీద నిలబడి ఉంటాను. ఈ ఇల్లు దాటి వెళ్ళింది ఒక్కసారే, అదీ కారులో. అయినా మనుషుల సంగతి మీ పెద్ద బోగీలకంటే నాకే బాగా తెలుసు.

నా పైతొడుగు గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. నీలం రంగు రేకు, అట్టపెట్టెలో వచ్చింది. బొమ్మ రైళ్ళ దుకాణంలో నాలాంటివి బోలెడు, కిటికీలోంచి చూస్తే లోపలంతా డొల్ల. నన్ను బోగీని చేసింది లోపలి పని. ఆ పని చేసినవాడు బాల్‌నర్సయ్య, చేయించుకున్నవారు పద్మనాభరావుగారు. ఈ రెండింటికీ ఉన్న తేడా పద్మనాభరావుగారికి ఈనాటికీ తెలియదు.

ఆయన రైల్వేలో బోగీల తయారీ చూసే పెద్ద అధికారిగా రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు బోగీల కాగితాల మీద సంతకాలు పెట్టారు గాని, స్లీపర్‌లో ఒక్కసారి కూడా ప్రయాణం చెయ్యలేదు. వెళ్తే ఏసీ ఫస్టుక్లాసు, లేదంటే ఆయన కోసమే వెనక తగిలించే ప్రత్యేక బోగీ. బాల్‌నర్సయ్య ఆయన కింద వర్క్‌షాపులో వడ్రంగి. పాత సారు పిలిచాడనగానే ఉలి, ఆకురాయి పట్టుకుని వచ్చేశాడు.

“ఒక్కటే అడుగుత సార్,” అన్నాడు మొదటిరోజే. “బోగీ కింద బిగించే ఇత్తడి పలక మీద మీ పేరు పక్కన నా పేరు గూడ రాయించుండ్రి. ముప్పై నాలుగేండ్లు బెర్తులు బిగించిన, ఒక్క బోగీ మీద గూడ నా పేరు లేకపాయె. మా ఇంటామెకు సూపిచ్చుకుంట.”

“చూద్దాంలే నర్సయ్యా,” అన్నారు పద్మనాభరావుగారు.

ఆఫీసుల్లో ‘చూద్దాంలే’ అంటే ఏమిటో ముప్పై నాలుగేళ్ళ సర్వీసున్న మనిషికి తెలియకపోదు. అయినా పాపం నమ్మాడు.

ఐస్‌క్రీము పుల్లలు చీల్చి బెర్తులు చేశాడు. వాటికి పాత బెర్తు రెక్సిన్ పలచగా చెక్కి అతికించాడు. చొక్కా బొత్తాలు ఫ్యాన్లయ్యాయి, పిన్నీసు తీగలు కిటికీ ఊచలయ్యాయి. తర్వాత పుట్టీ ముద్ద చేసి మనుషులను పుట్టించాడు, ఒకరిద్దరు కాదు, నూట నలభై మంది! ఒకే సైడు బెర్తు మీద ఒకరి మొహంలో ఒకరు కాళ్ళు పెట్టుకున్న ఇద్దరు. బెర్తు కింద పేపరు పరుచుకుని పడుకున్న ఒకాయన. అందరిలోకీ నాకు నచ్చినవాడు, ఎవరి బెర్తో ఆక్రమించి, లేపుతారేమోనని మొహం మీదికి దుప్పటి లాక్కున్నవాడు. ఫ్యాన్ల మీద నువ్వుగింజంత చెప్పులు కూడా పెట్టాడు.

పద్మనాభరావుగారు స్కేలు పట్టుకుని తనిఖీకి వచ్చారు.

“ఏమిటయ్యా ఇది, సంతా? ఫ్యాను మీద ఆ చెప్పులేమిటి?”

“కింద పెడితె పోతయ్ సార్.”

“డెబ్బై రెండు బెర్తులకు డెబ్బై రెండు మంది, అంతే. మిగతావాళ్ళను తీసెయ్. బెర్తులన్నీ తెరిచి పెట్టు. కింది బెర్తులవాళ్ళు కిటికీ పక్కన హాయిగా కూర్చుని బయటికి చూస్తుండాలి.”

“నడిమి బెర్తు తెరిస్తె కింద కూసోనీకి రాదు సార్. తలకాయ తాకుతది.”

“బోగీల సంగతి నువ్వు నాకు చెప్తావా? తాకితే కాస్త అరగదియ్!”

అరగదీశాడు. కింది బెర్తులవాళ్ళు పద్దెనిమిది మంది మెడలూ ఆకురాయికి బలి అయిపోయాయి. తీసేసిన అరవై ఎనిమిది మందిని టిఫిన్ డబ్బాలో సర్దుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అలారం గొలుసు ఉంది గాని, లాగడానికి నాకు చేతులు లేవు కదా.

రెండు రోజుల బొమ్మ రైళ్ళ ప్రదర్శనకు నన్ను కారులో తీసుకెళ్ళి, పైకప్పు తీసి బల్ల మీద పెట్టారు. మొదటిరోజే, చేతిలో కూరగాయల సంచితో వచ్చిన ఒకామె వంగి చూసి, “అయ్యో, వీళ్ళకు మెడలేవి?” అంది. వెనక ఎవరో, “ఏ దేశపు రైలండీ, ఇంత ఖాళీగా ఉంది?” అన్నారు. హాలంతా గొల్లుమంది. పద్మనాభరావుగారు ఎనభై ఏడో వంతు కొలతల గురించి ఇంగ్లీషులో చెప్పబోయారు. బహుమతులు ఇవ్వవలసిన పెద్దమనుషులు కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

మరుసటి ఉదయం, తలుపులు తెరవకముందే, సారు కబురందుకున్న బాల్‌నర్సయ్య టిఫిన్ డబ్బాతో నా ముందున్నాడు.

“మొదట చేసినట్టే చేసెయ్యి నర్సయ్యా, పరువు పోతోంది.”

“మరి నా పేరు సార్?”

“ముందు పని కానియ్. అది చూద్దాంలే.”

ఈసారి బాల్‌నర్సయ్య నమ్మలేదు. నడిమి బెర్తులు దించాడు. మెడలు పోయినవాళ్ళను పై బెర్తుల మీద పడుకోబెట్టి దుప్పట్లు కప్పాడు. టిఫిన్ డబ్బా జనం తిరిగి ఎక్కారు, చెప్పులు ఫ్యాన్లెక్కాయి. చివర్న జేబులోంచి కొత్త మనిషిని తీశాడు. బట్టతల, కళ్ళజోడు, టై, చేతిలో స్కేలు. ఆయన్ను బాత్రూము తలుపు పక్కన, సూట్‌కేసు మీద, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చోబెట్టాడు.

ఆరోజు నా చుట్టూ జనం విరగబడ్డారు. బెర్తు కింద మనిషిలో ఒకరికి బాబాయి కనిపించాడు, దుప్పటి దొంగలో ఒకావిడకు మొగుడే కనిపించాడు. మొదటి బహుమతి నాకే. వారం తిరక్కుండా ఇత్తడి పలక బిగించారు. రూపకల్పన, నిర్మాణం: పద్మనాభరావు. ఆ వెనక ఆయన డిగ్రీలన్నీ. అప్పటికీ పలక మీద ఇంకో పేరుకు సరిపడా చోటు మిగిలింది.

ఆ ఆదివారం బాల్‌నర్సయ్య భార్య పోచమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. పలక బిగించారని అతనికి తెలియదు. పోచమ్మ కూడబలుక్కుని చదివి, “నీ పేరేదయ్యా?” అంది. అతను తల దించుకున్నాడు. ఆ నిమిషంలో ఆ పలకను మోస్తున్నందుకు నాకే సిగ్గేసింది.

కాసేపటికి సారును అడిగి, నా పైకప్పు తీశాడు. పోచమ్మ ఒక్కొక్కరినే చూస్తూ బాత్రూము దాకా వచ్చింది. సూట్‌కేసు మీద మనిషిని చూసింది. సోఫాలో సారును చూసింది. మళ్ళీ సూట్‌కేసు వైపు చూసి, కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు.

“ఏమ్మా, ఎందుకు నవ్వుతున్నావు?” అన్నారు పద్మనాభరావుగారు.

“ఏం లేదు సారు. గింతమందికి జాగ దొరికింది గని, గా బాత్రూం కాడ కూసున్న పెద్దమనిషికే దొరకకపాయె.”

పద్మనాభరావుగారు లేచి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, వంగి, ఆయన్ను శ్రద్ధగా పరిశీలించారు.

“మంచి బొమ్మను పట్టావమ్మా,” అన్నారు తృప్తిగా. “ఇలాంటి చిన్నవాళ్ళను కూడా మనం మరిచిపోకూడదు. అతణ్ణి అక్కడ కూర్చోబెట్టాలన్న ఆలోచన నాదే.”