ఎర్తు మడి ఉప్పు

“మాటాడకే తాయారూ, మీ అయ్య నోట్లో ఇంకా వార్తలవనేదు,” అన్నాది జగ్గమ్మ, గంజి వారుస్తా.

జగన్నాధం ముద్ద బుగ్గన పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. నౌపడలో ఆళ్లిల్లు ఉప్పు మడుల గట్టు మీదే. రేడియో సెట్టుకి ఎర్తు తీగ లాగి ఇంటెనకాల మడిలో దిగ్గొట్టినారు. రేడియో సెప్పిందంతా ఆ తీగంట దిగి మడిలో ఇంకుతాది. ఆ మడిలో పేరిన ఉప్పు కూరలో పడి నాలిక్కి తగిలితే మళ్లీ అదే మాట సెప్తాది, దవడెముక్కి ఇనబడేటట్టు. పోయిన వారం వార్తలు పప్పులో, పంటల ధరలు పచ్చట్లో. ఊళ్లో ఎవులూ దీనికి నోరెళ్లబెట్టనేదు. ఉప్పు సాల్నోడు ఇంకాస్త ఏసుకునేవోడు.

జగన్నాధానికి సెవులు మందం. నోట్లో బాగానే ఇనబడతాది గాని, పాసిపోయిన వార్త నమిలి ఏటి లాబం అని ఆయన బాద. నలుగురితో అరుగు మీద కూకొని రేడియో ఇనాల, ఆళ్లు నవ్వినప్పుడే తనూ నవ్వాల.

పందొమ్మిదొందల అరవై ఎనిమిది ఎండల్లో టెక్కలి నుంచి ఎల్లాజీ అనే రేడియో మెకానిక్ దిగినాడు, తన బావ సోముల్ని ఎంటేసుకొని. సంకలో రేకు పెట్టొకటి. దీన్ని సెట్టుకి తగిలిస్తే ‘బేసు’, అంటే పాటలో ఆ బొంగురు మోత, పెరుగుతాదన్నాడు. అరుగు మీదోళ్లకి అది ‘బాస’ అని ఇనబడినాది. రేడియోకి బాస పెరుగుతాదంట అని ఈదంతా ఎగబడినారు.

తాయారు గుమ్మంలోంచి ఎల్లాజీ పని సూస్తన్నాది. ఆడు తీగల కొసలు నాలికతో నాకి పవరు సూస్తాడు. సొంగ కారే ఆ తీగల్నే పెట్టిలో దోపుతాడు. పెట్టిలోంచి కాలిన తారు కంపు. కిళ్లీ ఉమ్మింది ఉప్పు కుప్ప పక్కనే. మళ్లీ ఆ నాలికతోనే పెదాలు తడుపుకుంటా ఆమెకేసి సూస్తాడు.

పెట్టి మీద ఎర్రలైటు ఎలగ్గానే అరుగంతా ఆహా అన్నాది. బాస ఎంత దిట్టంగున్నాదో సూడండర్రా అని ఒకడు, గుండెల మీద గుద్దుతన్నాదని ఇంకొకడు. తేడా తెలీనేదంటే సెవిటోడంటారని అందరికీ బయం. అందరికన్నా ముందు తలూపింది జగన్నాధమే.

ఒక సాయంత్రం తాయారు ఆ పెట్టి నుంచి సెట్టుకెల్లే తీగని గుట్టుగా పీకీసినాది. లైటు మట్టుకు దాని బేటరీతో అది ఎలుగుతానే ఉన్నాది. పీకీసిన పెట్టికే ఆహా, ఓహో. ఊళ్లోనే మకామెట్టిన ఎల్లాజీ కూడా కళ్లు మూసుకొని తొడ మీద తాళమేస్తన్నాడు.

ఆ వారమే ఎల్లాజీ పిల్లనడిగినాడు. నా సెవులు నిలబెట్టినోడికి కాక ఇంకెవుడికిస్తానని జగన్నాధం మాటిచ్చీసినాడు. తాయారు పీకిన తీగ సంగతి సెప్పినాది. ఆడొద్దనీ సెప్పినాది. కాని ఆమెది సన్న గొంతు, అరవడం సేతకాదు.

“ఆఁ, సీరే కదా, కొందాంలే,” అన్నాడు అయ్య.

జగ్గమ్మకి ఇనబడినాది గాని, మాటిచ్చీసినాక ఏటనగలమే అని ఆమె పొయ్యికేసి తిరిగిపోనాది.

తాయారు ఇంటెనక్కెల్లి, గట్టు మీద బోర్లా పడుకొని, ఎర్తు తీగకి నోరానించి తన మాట సెప్పినాది. అయ్య సెవికి ఎక్కనిది నోటికైనా ఎక్కుతాదని ఆశ. మూడోనాడు తీగ మొదట్లో అన్నాళ్లూ ఎవులూ గోకకుండా పేరుకున్న ఉప్పంతా గోకి దాసినాది. పసుపూ కుంకం పెట్టే రోజున పులుసులో అదే ఏసినాది.

జగన్నాధం, ఎల్లాజీ, సోములు వరసగా కూకున్నారు. ముగ్గురూ పులుసన్నం కలిపి నోట్లో పెట్టుకున్నారు. తాయారు గిన్నట్టుకొని గుమ్మంలో నిలబడి అయ్య దవడకేసి సూస్తన్నాది.

ఆమె మాట రానేనేదు. దానికన్నా ముందు ఇంకిన మాట ముందు పలికినాది. పెట్టి తగిలించిన రోజు అందరూ లోపలికెల్లినప్పుడు, ఎర్తు తీగ కొస నాకతా ఎల్లాజీ సోములుతో అన్న మాట. సోములు నమలడం ఆపీసినాడు. ఎల్లాజీ తన గొంతు తన నోట్లోనే ఇని, మింగలేక, కక్కలేక, బుగ్గలుబ్బించుకొని ఉండిపోనాడు. జగన్నాధం ముద్ద పక్కకి ఉమ్మీసినాడు. ఎంగిలి సేత్తోనే ఎల్లి పెట్టి పీక్కొచ్చి, ఎల్లాజీ ఆకులో, ఆ పులుసు మీదే బోర్లించినాడు. రేకు మూత ఊడి తారు ముద్దా, ఒక బేటరీ అన్నంలో పడినాయి. ఆ బావా బామ్మర్దులు సెయ్యి కడుక్కోకుండానే రైలు టేసనుకేసి నడిచినారు.

సమ్మందం ఎందుకు తప్పిపోనాదని ఎవులడిగినా, జగన్నాధం తన నోట్లో ఇన్నది ఇన్నట్టే సెప్పేవోడు, ఒక్క అచ్చరం తేడా నేకుండా:

“బావా, దీంట్లో తారు తప్ప ఏటీ నేదు. ముసిలోడికెలాగా సెవుడు, మిగిల్నోళ్లు సిగ్గుకి ఆహా అంటారు. లైటెలిగితే సాలు, పిల్లని అట్టుకుపోదాం.”